గొంగడి చూసి పుట్టిన పిల్ల

మొన్న మా తమ్ముడు బిజినేపల్లి నుంచి ఫోన్ చేసి, "అక్కా, నీ కాడ ఆ గొంగడి ఇంక ఉందా?" అని అడిగిండు. ఏ గొంగడి అని నేను అడగలె. మా ఇద్దరి నడుమ గొంగడి అంటే ఒకటే గొంగడి. అటక మీద ఉంది, ఏమైందిరా అన్న. వాని మందల ఒక తెల్లగొర్రె సూడితోటి ఉందట. దానికి నల్లపిల్లే పుట్టాలని మా మరదలు పట్టు పట్టిందట. తమ్ముడు ఈ నడుమ దవాఖానల పడి లేచిండు. డాక్టర్లు షుగర్ అన్నరు, బీపీ అన్నరు. మరదలు మాత్రం, నీ చిన్నప్పటి మొక్కు తీరకుండ మిగిలిపోయింది, పోశమ్మ యాది చేస్తుంది అన్నదట. ఆ మొక్కు నల్లపిల్లది. కొన్నది గాదు, ఇంట్ల పుట్టిన నల్లపిల్లది. అందుకని గొంగడి కావాలె. "నీ మహిమ జర మా గొర్రెకు గూడ చూపియ్యి అక్కా" అని నగిండు వాడు. నేను నగలె. నా మహిమను నేను ఎన్నడూ ఎగతాళిగ తీసుకున్నదాన్ని గాదు.

గద్వాలల మా కొడుకింట్ల అటక అంటే వంటింటి మీది సిమెంటు సజ్జ. స్టూలు ఏసుకొని గొంగడి గుంజితే దాని ఎంబడి పాత బిందె, చిరిగిన జల్లెడ అన్ని మీదికొచ్చినయి. చప్పుడుకు మనుమరాలు శ్రావణి ఉరికొచ్చింది. ఇంటర్ చదువుతుంది, డాక్టరు చదువుకు పోయే ఇంటర్. మా బిజినేపల్లి దిక్కు ముసలోళ్లను అవ్వ అంటరు, నేను గద్వాలకొచ్చినంక జేజినైన. "జేజీ, ఏంది ఈ వాసన" అని ముక్కు మూసుకుంది. నాకేమో ఆ వాసనకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. గొంగడికి చింతగింజల గంజి పెడ్తరు, గట్టిగ నిలబడాలని. వానల తడిసిన గొంగడి పొయ్యి పక్కన ఆరేస్తే ఉన్ని వాసన, గంజి వాసన, పొగ వాసన, అండ్ల చుట్టుకొని పడుకున్న మనిషి వాసన అన్నీ ఒకటై లేస్తయి. మా చిన్నప్పుడు ఇల్లంటే ఆ వాసనే. పురుగు కొట్టి గొంగడి జల్లెడ లెక్క అయింది, గని నలుపు మాత్రం పోలె. ఎందుకు తీస్తున్నవ్ అని శ్రావణి అడిగింది. అడిగింది గదా అని మొత్తం చెప్పిన. అదే నేను చేసిన తప్పు. చెప్పకుండ పార్సిల్ చేసి పంపిచ్చి ఉంటే నా మహిమ నాకు దక్కేది.

మా తమ్ముడు ఇంక పాకుతున్న పిల్లగాడప్పుడు వానికి తట్టు పోసింది. ఒళ్లంత ఎర్రగ లేసి, కండ్లు అంటుకపోయి, పాలు తాగుడు ఇడిసిపెట్టిండు. ఇంటి ముందట యాపమండలు కట్టిండ్రు, తాలింపు పెట్టుడు బంద్ చేసిండ్రు. మా నాయనను కన్న అవ్వ, ఆమె దేవుండ్లతోటి పక్కింటోళ్లతోటి మాట్లాడినట్టే మాట్లాడేది. పోశమ్మ ముందటికి పోయి కొంగు పరిచి, నా మనుమణ్ణి ఇడిసిపెట్టు తల్లీ, నా ఇంట్ల పుట్టిన నల్లపిల్లను, ఒక్క తెల్ల ఎంటిక లేనిదాన్ని నీకిస్త అని మొక్కింది. పిల్లగాడు పాలు తాగిండు. అందరు చల్లబడినంక మా అమ్మకు శంక వచ్చింది. రొట్టెలు చేసుకుంట, "అత్తా, మన కాడ ఉన్నయన్ని తెల్లగొర్లే కద, నల్లపిల్ల యాడ పుడ్తది?" అని అడిగింది. అవ్వ జొన్నరొట్టె పచ్చిపులుసుల ముంచుకుంట తల గూడ ఎత్తలె. "ఇంట్ల పుడితే ఇస్తనన్న. కొని ఇస్తనన్ననా?" అన్నది.

అవ్వ సంగతి గంతే. గొర్రెను అమ్మాలన్నా కొయ్యాలన్నా ఆమెకు ఏదో ఒక అడ్డం దొరికేది. ఇంట్ల యాటను కోసిన రోజు ఆమె ఉండకపోయేది, చేన్ల కలుపు ఉంది అని ఎండకాలం గూడ పోయేది. ఎండకాలం కలుపేంది అని మాలో ఒక్కరికి గూడ తట్టలె. పని పిచ్చి అనుకుంటుంటిమి.

ఆమె నిమ్మలంగ ఉన్నది గని నాకు నిమ్మలం లేదు. నేను అప్పుడు లంగ కట్టే పిల్లను, బడికి పోవుడు కంటే గొర్ల ఎంబడి పోవుడు ఎక్కువ. తమ్ముడు ఒక్కసారి దగ్గితే చాలు, పోశమ్మ వచ్చి గడపల కూసున్నట్టే అనిపించేది. మొక్కు తీరాలంటే నల్లపిల్ల కావాలె. ఆ ఏడు మా మల్లి సూడితోటి ఉండె. మల్లి అంటే మా తెల్లగొర్రె, పేరుకు తగ్గట్టే మల్లెపువ్వు రంగు. దాన్ని కట్టింది మా పక్కింటి ఖాజా మామ పొట్టేలు, అది గూడ పాల మీగడ రంగు. మరి నలుపు యాడికెల్లి తేవాలె? అప్పటికే నాకు తెలివి శానా ఉండె. మా చిన్నమ్మ నీళ్లాడే ముందర ఆమె మంచానికి ఎదురుంగ చిన్నికృష్ణుని క్యాలెండరు కట్టింది నేను చూసిన. కడుపుతోటి ఉన్నది ఏం చూస్తే గదే పుడ్తదని పెద్దలు అనంగ విన్న. మనిషికైతే క్యాలెండరు, గొర్రెకైతే ఏంది? గొంగడి. మా ఇంట్ల కాలం చేసిన తాత కప్పుకునే గొంగడి ఒకటి ఉండె, కాకి రెక్క లెక్క నలుపు. దాన్ని తీస్కపోయి దొడ్ల మల్లి మూతికి ఎదురుంగ కట్టిన.

కట్టి ఊకుంటె సరిపోయేది, ఊకోలె. మల్లి పక్కకు చూస్తే మెడ పట్టి గొంగడి దిక్కు తిప్పేదాన్ని. దాని ముందరికెల్లి తెల్లకోడి పోతే రాయి తీసుకొని ఎంబడి పడేదాన్ని. అమ్మను పాలచెంబు పట్టుకొని దొడ్డి ముందరికెల్లి నడవద్దన్న. దొడ్డిగోడకు సున్నం ఏసి ఉండె, అది గూడ తెల్లదే గదా అని ఒకనాడు గోడంత పేడ అలికిన. పండుగకు ముందర ఏసిన సున్నం అది. అమ్మ చీపురు తిరగేసింది. దెబ్బలు తింటుంటె గూడ నా కండ్లు మల్లి యాడ చూస్తుందో అనే చూస్తున్నయి.

ఒక పొద్దుగాల దొడ్లకు పోతే మల్లి పక్కన బొగ్గుముక్క అసొంటిది కదులుతుంది. మూతి నలుపు, కాళ్లు నలుపు, నాలిక ఒక్కటే ఎర్రగ. మగపిల్ల. నేను ఒర్రిన ఒర్రుడుకు ఇంటిల్లిపాది వచ్చిండ్రు. నాయన సీదా ఖాజా మామ కాడికి పోయి, ఏ నల్ల పొట్టేలన్న మన దొడ్లకు దుంకిందా అని అడిగిండు. ఖాజా మామకు రోషమొచ్చింది. "అన్నా, నా మీద శక్ పెట్టినా పడ్త, నా పొట్టేలు మీద పెట్టకు" అన్నడట. ఊర్లె నల్ల పొట్టేలు అసలు లేనేలేదు. ఇగ మిగిలింది ఏంది, నా గొంగడే. సాయంత్రానికి ఊరంత తెలిసింది. వచ్చినోళ్లు పిల్లను చూసేటోళ్లు, గొంగడిని చూసేటోళ్లు, ఆఖరుకు నన్ను చూసేటోళ్లు. నేను గడప మీద కాలు మీద కాలేసుకొని కూసున్న. అవ్వ ఒక్కతే సంబురపడలె. పిల్లను ఒళ్లె ఏసుకొని చెవులల్ల, తోక కింద, గిట్టల నడుమ అంతా ఎతికింది. ఒక్క తెల్ల ఎంటిక దొరుకుతదేమో అని ఎతుకుతుందని అప్పుడు నాకు తెల్వదు. మొక్కుకు సరిపోయిందా లేదా చూస్తుందనుకున్న. దొరకలె. కొంగుతోటి కండ్లు తుడుచుకుంది. పొగ అన్నది. ఆ పొద్దు మా ఇంట్ల పొయ్యే ఇంక ముట్టియ్యలె.

దానికి కాటుక అని పేరు పెట్టిన. మొక్కు తీరాలని పుట్టిచ్చుకున్న పిల్లకు పేరు పెట్టొద్దని నాకు చెప్పినోళ్లు లేరు. తల్లి కంటే నా ఎంబడే ఎక్కువ తిరిగేది. నేను రొట్టె తింటె చెయ్యి నాకేది, పడుకుంటె గొంగడి మీదికెక్కి నా కాళ్ల కాడ ముడుచుకునేది. వానలు పడినంక పోశమ్మ పండుగకు ఇయ్యాలని నాయన చెప్పినరోజు నాకు రెండు దిక్కులా గుంజినట్టయింది. ఇస్తే కాటుక పోతది. ఇయ్యకపోతే తమ్ముడు పోతడు. తమ్ముణ్ణి చంకల ఎత్తుకొని కాటుక మెడ పట్టుకొని ఏడ్సేదాన్ని. ఇద్దరు నా జుట్టు నమిలేటోళ్లు.

అప్పుడు అవ్వ నాకొక పని చెప్పింది. అమ్మవారికి పోయే యాట, శుద్ధంగ ఉండాలె, రోజు పొద్దుగాల తానం చేపియ్యి అన్నది. తలమీద పొయ్యి, చెవుల కాడ పొయ్యి, వీపు పొడుగున పొయ్యి అని చూపిచ్చింది గూడ. మరి కాళ్లు, పొట్ట అంటే, అవి కడగకున్నా నడుస్తది అన్నది. బురద ఉండేదే కాళ్లకు గదా, అవ్వకు తానం చేపిచ్చుడు గూడ తెల్వదు అనుకున్న. మొదట్ల నీళ్లు పడంగనే కాటుక ఒళ్లు విదిలించి నన్నే తడిపేది. "విదిలిస్తే మళ్ల పొయ్యి, నిలబడ్డదాక పొయ్యి, నిలబడ్డంక ఇంత బెల్లం పెట్టు" అన్నది అవ్వ. కొన్నాళ్లకు అది చెంబు చూస్తేనే వచ్చి నిలబడేది. నీళ్లు పోస్తుంటె కండ్లు మూసుకొని, కొత్తల్లుడు తలంటు పోసుకున్నట్టు మెడ చాపేది.

మా దిక్కు ఆచారం తెల్వనోళ్లకు ఒక మాట చెప్పాలె. యాటను అమ్మవారి ముందట నిలబెట్టి పసుపునీళ్లు పోస్తరు. అది ఒళ్లు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలియ్యకపోతే ఒప్పుకోనట్టు, ఒప్పుకోని యాటను ముట్టరు. పండుగనాడు కాటుకకు యాపమండ కట్టి, బొట్టు పెట్టి తీస్కపోయిండ్రు. నేను తమ్ముణ్ణి ఎత్తుకొని ఎనుకనే పోయిన. పూజారి చెంబు ఎత్తి తలమీద పోసిండు. కాటుక కండ్లు మూసుకుంది. ఇంకో చెంబు వీపు మీద పోసిండు. మెడ చాపింది. డప్పులోళ్లు ఆగి మళ్ల కొట్టిండ్రు. ఒప్పుకో తల్లీ, తప్పుంటె చెప్పు తల్లీ అని ఒక్కొక్కరు మొక్కవట్టిండ్రు. నాయన చెంపలేసుకున్నడు. బిందెకు బిందె కుమ్మరిచ్చిండ్రు. అది కదలలె, కండ్లు తెరిచి గుంపుల నన్ను ఎతికింది, బెల్లం పెట్టలేదేంది అన్నట్టు. ఆఖరుకు అవ్వ ముందటికొచ్చి రెండు చేతులు జోడిచ్చింది.

"తల్లీ, నేను తెచ్చిన. నువ్వు వద్దంటివి. నా మాట నేను తప్పలె."

ఇగ పూజారి మాత్రం ఏమంటడు? కోడితోటి సరిపెట్టిండ్రు. మళ్ల ఇంట్ల నల్లపిల్ల పుడితే చూద్దమన్నరు. అవ్వ అందరికంటే ముందర ఇంటికి పోయింది, ఆ వయసుల అంత జల్ది నడుసుడు నేను ఎన్నడూ చూడలె. నేనైతే ఇది గూడ నా ఖాతల్నే ఏసుకున్న. నేను గొంగడితోటి పుట్టిచ్చిన పిల్ల గదా, పోశమ్మ నా మొగం చూసి ఇడిసిపెట్టింది అనుకున్న. పోశమ్మకు నేనంటె భయమేమో అని గూడ ఒకపాలి అనిపిచ్చింది.

ఇగ అప్పటికెల్లి నా దర్జా చూడాలె. చుట్టుపక్కల ఎవరికి నల్లపిల్ల కావాలన్నా గొంగడికి వచ్చేటోళ్లు. వచ్చినోళ్లకు ఊకెనే ఇచ్చేదాన్ని గాదు, నా చేతులతోటే కట్టాలె, లేకుంటె పనిచెయ్యదు అనేదాన్ని. గొంగడి బరువు, అందుకని కాటుక వీపు మీద ఏసి తోలుకపోయేదాన్ని. అప్పటికది దొడ్డ పొట్టేలైంది. ఇంకా ఎదకు రాని గొర్లకు గూడ ముందుగాల్నే కట్టుండ్రి అని చెప్పి, గొంగడి ఉన్నన్ని రోజులు అక్కడ్నే ఉండేటోళ్లం, నేనూ అదీ. కొన్ని ఇండ్ల నల్లపిల్లలు పుట్టినయి. మా ఇంట్ల గూడ పుట్టినయి గని, ఎతికితే అవ్వకు యాడనో ఒక తెల్ల ఎంటిక దొరికేది, మొక్కు అట్లనే మిగిలింది. కొన్ని ఇండ్ల పుట్టలె. పుట్టని ఇంటోళ్లను నేను ఇడిసిపెట్టలె. గొంగడి మీద తెల్లధోతి ఆరేసిండ్రు గదా, మరెట్ల పుడ్తది అని దబాయిచ్చేదాన్ని. యాడనో ఒక కాడ ఒక తెల్లబట్ట దొరకకుండ ఉంటదా? రాజోలి దిక్కు లగ్గమై పోయేటప్పుడు అందరు గిన్నెలు అడుగుతరు, నేను గొంగడి అడిగిన. మా కోడలు కడుపుతోటి ఉన్నప్పుడు మంచానికి ఎదురుంగ ఒక ముద్దు పిల్ల పటం కట్టిందీ నేనే. శ్రావణి పుట్టింది. అచ్చం మా ఆడిబిడ్డ ముక్కు.

ఇదంత విని శ్రావణి తన ముక్కు పట్టి చూసుకుంది. లేచిపోయి వంటింట్లకెల్లి పిడికెడు తెల్లజొన్నలు, పిడికెడు నల్లమినుములు తెచ్చింది. షాబాదు బండ మీద చాక్‌పీసుతోటి ఒక పెట్టె గీసి, నడుమ అడ్డం ఒకటి, నిలువు ఒకటి గీత గీసింది. నాలుగు గదులైనయి. అష్టాచెమ్మ ఆడుతదేమో అనుకున్న. "జేజీ, ప్రతి జీవికి రంగు రెండు పాళ్లుంటది, తల్లి ఒక పాలు ఇస్తది, తండ్రి ఒక పాలు ఇస్తడు" అన్నది. పెట్టె మీద ఒక జొన్న, ఒక మినుము పెట్టింది, అది మల్లి అట. పక్కన ఒక జొన్న, ఒక మినుము పెట్టింది, అది ఖాజా మామ పొట్టేలట. తెల్లగొర్రె కాడ మినుమేంది అని అడిగిన. జొన్న పక్కన ఉన్నప్పుడు మినుము కానరాదట, ఉంటదట గని దాని మాట నడవదట. అత్త ఇంట్ల ఉన్నప్పుడు కోడలు లెక్క అన్నమాట, అది నాకు జల్దిగనే సమజైంది. నాలుగు గదులు నింపింది. ఒక దాంట్ల రెండు జొన్నలు. రెండిట్ల జొన్న, మినుము. ఒక్క గదిల మాత్రం రెండు మినుములు. "ఇదిగో నీ కాటుక" అని ఆ గది మీద ఏలు పెట్టింది.

నేను ఒప్పుకుంటనా? మూడు తెల్లయి పుట్టినంక నాలుగోది నల్లదే కావాలె గదా మరి, మల్లికి అదే మొదటి ఈత అని పట్టుకున్న. అట్ల గాదు, ప్రతి ఈతకు గవ్వలు కొత్తగ ఏసినట్టే అన్నది. అయితే అసలు మల్లి కాడికి ఆ మినుము యాడికెల్లి వచ్చింది, చూపియ్యి అన్న. "అది నువ్వే చెప్పాలె. మల్లి తల్లి ఏ రంగు?" అని అడిగింది. మల్లి తల్లి నల్లి. తాత వనపర్తి సంతల కొన్న నల్లగొర్రె. నేను గొర్ల ఎంబడి పోయేనాటికే చచ్చిపోయింది గని, దాని కథలు శానా విన్న. మరి పొట్టేలు? అది గూడ మా ఇంట్ల పుట్టిందే. ఖాజా మామకు తొలుచూరు బిడ్డ పుట్టినప్పుడు అవ్వ పోయి మామ పెండ్లాం ఒళ్లె కానుకగ పెట్టొచ్చిన గొర్రెపిల్ల అది, నల్లి కన్న తెల్లపిల్ల. చెప్తుంటె నాకే లెక్క కుదిరింది. తల్లి కాడ ఉన్నయి రెండూ మినుములే అయితే పిల్లలకు తలా ఒక మినుము రాక తప్పదు. శ్రావణి గొంగడి అంచు పట్టుకొని, ఇది ఏ గొర్రె ఉన్ని జేజీ అన్నది. తాతకు నల్లి ఉన్ని తప్ప ఏరే గొంగడి పనికిరాకపోయేది. అంటే మల్లి నెలల తరబడి చూసింది వాళ్లమ్మనే. చూసినా చూడకున్నా ఆ నలుపు దాని కడుపులనే ఉండె. నేను మాత్రం ఉట్టిగ గోడకు పేడ పూసి దెబ్బలు తిన్న.

"గొంగడి పోయిన ఇంటికల్లా పొట్టేలు గూడ పోయింది కద జేజీ?" అన్నది, మెల్లగ. పోయింది. గొంగడి మోసిందే అది గదా. ఎదకొచ్చే గొర్ల నడుమ నల్ల పొట్టేలును ఇడిసిపెట్టి, నేను గొంగడి సక్కగ కట్టిందా లేదా చూసుకుంట కూసున్న. సీడు పత్తిల నేను ఎన్ని ఏండ్లు క్రాసింగ్ చేసిన్నో గద్వాల చేన్లు చెప్తయి. మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రాసి, దీని గుణం దానికి, దాని గుణం దీనికి వస్తదని కొత్త కూలోళ్లకు నేర్పింది నేను. పత్తికి లగ్గం చేసే మనిషిని, గొర్రె కాడికొచ్చేసరికి గొంగడి కట్టిన. మా ఇంటాయన ఉంటే ఈ పొద్దు కడుపు పట్టుకొని నగుతుండె. ఆయనకు నా గొంగడి మీద మొదటికెల్లి నమ్మకం లేదు, చలికి కప్పుకునేటందుకు తప్ప.

ఆఖరుకు నా కాడ ఒక్కటే మిగిలింది. సరే, రంగు మినుములది అనుకుందం, మరి పోశమ్మ ఎందుకు వద్దన్నది, దానికి నీ పెట్టెల గది ఉందా అని అడిగిన. శ్రావణి మినుములు ఏరుకుంట ఆలోచన చేసింది. "రోజు తానం చేపియ్యమన్నది ఎవరు?" అన్నది. అవ్వ, అన్న. అన్ననో లేదో, తలమీద పొయ్యి, చెవుల కాడ పొయ్యి, కాళ్లు కడగకున్నా నడుస్తది అన్న అవ్వ మాట చెవుల్ల మోగింది. పూజారి పోసేది గూడ గక్కడనే. నిలబడ్డంక బెల్లం. చేన్ల ఎండకాలం కలుపు. పొయ్యి ముట్టియ్యకముందే పొగ. ఇంత వయసొచ్చినంక, మనుమరాలి ముందట, బండ మీద జొన్నల నడుమ కూసొని అది సమజైంది నాకు.

ఇప్పటి పిల్లలకు నాలుగు గదులు గీస్తే ఏం పుట్టొచ్చో తెలుస్తుంది. అప్పటి అవ్వకు గీతలు రావు, గొర్రె నీళ్లకు అలవాటైతే విదిలియ్యదు అని తెలుసు, దేవతతోటి అబద్ధమాడకుండనే మనుమణ్ణి, పిల్లను ఇద్దరిని దక్కిచ్చుకునుడు తెలుసు. అటు అదీ తెల్వక, ఇటు ఇదీ తెల్వక, నడుమ మహిమ గల్లదాన్ని అయింది నేనొక్కదాన్నే. పేరు మాత్రం నాకే వచ్చింది.

సాయంత్రం తమ్ముడు మళ్ల చేసిండు. గొంగడి దొరికిందా అన్నడు. వాని సంగతి నాకు తెలుసు, అవ్వ నోట్లెకెల్లి ఊడిపడ్డట్టుంటడు, తను పెంచిన యాటను కోస్తే రెండు పూటలు అన్నం తినడు. ఎనుక నుంచి మరదలు, వదినె కాళ్లు మొక్కుతనని చెప్పు, ఎట్లన్న నల్లపిల్ల కావాలె అంటున్నది వినొస్తుంది. ఆమెకు జొన్నలు, మినుములు చెప్పాల్నా? ఆమె భయం నాకు తెల్వనిది గాదు. అదే పిల్లగాణ్ణి చంకల ఏసుకొని అదే భయంతోటి నేను గూడ ఏడ్సిన. బస్సుల ఏసి పంపుత, సక్కగ కట్టుమను అని చెప్పిన. శ్రావణి నా దిక్కు గుడ్లు తేలేసి చూసింది.

"ఒక్క మాట రా," అన్న తమ్మునితోటి. "పిల్ల తెల్లగ పుడితే రంది లేదు. నల్లగ పుట్టిందనుకో, పొద్దున్నే తానం నువ్వే చేపియ్యి. కాళ్లు కడగకున్నా నడుస్తది."